దూరవిద్య: చేరిన దూరం, మిగిలిన దూరం

(పాఠశాల స్వర్ణోత్సవాల రెండో రోజు, పూర్వ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



నెల కిందట మన సంఘం కార్యదర్శి ఫోన్ చేసి, "అన్నా, నువ్వు ఓపెన్ యూనివర్సిటీల చదివినవ్, తర్వాత అక్కడే పాఠాలు చెప్పినవ్. మనలాంటి దేశాలకు దూరవిద్య ఎంతవరకు పనికొస్తదో ఇరవై నిమిషాలు మాట్లాడు" అన్నాడు. సరే అన్నాను. ఫోన్ పెట్టేశాక ఆలోచనలో పడ్డాను. నా బతుకు నిలబెట్టింది దూరవిద్యే. దాన్ని నమ్ముకొని వచ్చి సగంలో ఆగిపోయినవాళ్లను ఎక్కువగా చూసిందీ నేనే. కాబట్టి ఇవాళ పొగడ్త ఒక్కటే చెప్పినా, తప్పులు ఒక్కటే చెప్పినా అబద్ధమాడినట్టే అవుతుంది. రెండూ చెబుతాను. చివర మన సంఘాన్ని ఒకటి అడుగుతాను.

మన బడి 1974లో మొదలైంది. ఆరో తరగతిలో చేరిన మొదటి జట్టులో నేనూ ఉన్నాను. మరుసటి ఏడు, 1975 ఆగస్టు 1న, మన దేశంలో ఒక పెద్ద ప్రయోగం మొదలైంది. అమెరికా నుంచి ఎ.టి.ఎస్.-6 అనే ఉపగ్రహాన్ని ఏడాది పాటు అరువు తీసుకొని, ఇస్రో ఆరు రాష్ట్రాల్లోని 2400 గ్రామాలకు టీవీ పాఠాలు పంపింది. అప్పటి ఆంధ్రప్రదేశ్ కూడా ఆ ఆరింటిలో ఒకటి. పొద్దున బడిపిల్లలకు పాఠాలు, సాయంత్రం పెద్దలకు వ్యవసాయం, ఆరోగ్యం కార్యక్రమాలు. తెలుగులో కూడా వచ్చేవి. దాని పేరు సైట్. ఆ ఊళ్లలో మన ఊరు లేదు. కానీ కరెంటు సరిగా లేని పల్లెకు ఆకాశం నుంచి పాఠం దిగిందంటే అదెంత ఆశ! ఏడాది తిరిగింది. 1976 జులై 31తో ప్రయోగం ముగిసింది. ఉపగ్రహాన్ని అమెరికా వెనక్కి తీసుకుంది. పాఠం ఎంత దూరమైనా వెళ్లగలదని మన శాస్త్రజ్ఞులు రుజువు చేశారు. వెళ్లిన పాఠం అక్కడ నిలబడాలంటే ఊళ్లో ఇంకేదో ఉండాలి. ఇవాళ నా మాటంతా ఆ 'ఇంకేదో' గురించే.

ఇక నా సంగతి. 1979లో పదో తరగతి పాసయ్యాను. ఆ ఎండాకాలమే మా నాయన పోయాడు. ఇంటర్‌లో చేరలేదు. సహకార సంఘం ఎరువుల గోదాములో బస్తాలు లెక్కరాసే పనిలో కుదిరాను. నాతో చదివినవాళ్లు సెలవులకు వచ్చి కాలేజీ కబుర్లు చెబుతుంటే గోదాము వెనక్కి వెళ్లిపోయేవాణ్ణి.

1982 ఆగస్టులో హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం పుట్టింది. మన దేశంలో మొట్టమొదటి ఓపెన్ యూనివర్సిటీ అది. ఇప్పుడు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరుతో నడుస్తోంది. దాని మొదటి వైస్ ఛాన్సలర్ ఆచార్య జి. రాంరెడ్డిగారు. 1985లో ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు దానికీ మొదటి వైస్ ఛాన్సలర్ ఆయనే. అంటే దేశమంతా పాకిన ఈ చెట్టు మొదట మన నేలలోనే మొలిచింది. పోస్టులో పాఠాలు పంపే పద్ధతి అప్పటికే ఉంది. ఢిల్లీ విశ్వవిద్యాలయం 1962లోనే కరస్పాండెన్స్ కోర్సులు మొదలుపెట్టింది. కానీ అక్కడ చేరాలంటే ముందు చదువు సర్టిఫికెట్లు కావాలి. ఓపెన్ యూనివర్సిటీ ఇంకో తలుపు తెరిచింది. ఇంటర్ లేకపోయినా సరే, అర్హత పరీక్ష రాసి పాసైతే డిగ్రీలో చేర్చుకుంది.

ఆ పరీక్ష రాశాను, పాసయ్యాను, బి.ఎ.లో చేరాను. పుస్తకాల కట్ట చేతికి వచ్చిన రోజు అమ్మ దానికి పసుపు కుంకుమ పెట్టింది. తెలుగులో, మనకోసమే రాసినట్టున్న పుస్తకాలు. ప్రతి పాఠం చివర ప్రశ్నలు. ఆదివారం పూట జిల్లా కేంద్రంలోని డిగ్రీ కాలేజీలో క్లాసులు. రేడియోలో పాఠాలు వచ్చేవి. గోదాములో ట్రాన్సిస్టర్ పెట్టుకొని వినేవాణ్ణి.

మూడేళ్ల డిగ్రీ నాకు ఐదేళ్లు పట్టింది. తెలుగులో ఉన్న సబ్జెక్టులన్నీ గట్టెక్కాను. ఇంగ్లిష్ పేపరు రెండుసార్లు తప్పాను. పుస్తకం ఉంది, రేడియో ఉంది, ఆదివారం క్లాసు ఉంది. అయినా నేను రాసిన వాక్యం ఎందుకు తప్పో నాకు తెలిసేది కాదు. మూడోసారి ఫీజు కట్టకుండా మానేద్దామనుకున్నాను. అప్పుడు మన ఇంగ్లిష్ సార్ గోదాముకు యూరియా కోసం వచ్చారు. సార్ ఇవాళ ముందు వరుసలోనే కూర్చున్నారు. పేరు చెబితే కోప్పడతారు, చెప్పను. సంగతి విని, "ఆదివారం సాయంత్రం ఇంటికి రా" అన్నారు.

వెళ్లాను. సార్ పుస్తకం తెరవలేదు. "ఇయాళ గోదాముల ఏం చేసినవో ఐదు వాక్యాలు ఇంగ్లిష్‌ల రాయి" అన్నారు. రాశాను. ఎర్ర సిరాతో దిద్దారు. ప్రతి తప్పు పక్కన అది ఎందుకు తప్పో చెప్పారు. మళ్లీ ఆదివారం రమ్మన్నారు. అట్లా నాలుగు నెలలు. ఒక ఆదివారం బద్ధకించి వెళ్లలేదు. సోమవారం పొద్దున సైకిలు మీద గోదాముకు వచ్చి, "ఏమైందిరా, నిన్న రాలేదు?" అని అడిగారు. అంతే. మళ్లీ మానలేదు. పేపరు పాసయ్యాను.

డిగ్రీ వచ్చింది. కథ అక్కడ సుఖంగా ముగిసిందనుకోకండి. ఆ పట్టా పట్టుకొని ఒక చోటికి వెళ్తే, "డిగ్రీ సరే, ఇంటర్ ఏదీ?" అన్నారు. తలుపు తెరిచి లోపలికి రానిచ్చింది ఒకరు. లోపలున్న గదులన్నింటికీ తాళాలు వేరేవాళ్ల చేతిలో ఉన్నాయి. డిగ్రీ అయ్యాక, ఇరవై ఏడో ఏట, పక్కన మీసాలు రాని పిల్లల మధ్య కూర్చొని ప్రైవేటుగా ఇంటర్ రాశాను. ఆ తర్వాత ఎం.ఎ., ఆ తర్వాత జూనియర్ కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం. అవకాశం ఇచ్చే సంస్థ ఒక్కటీ మారితే చాలదు. దాన్ని గుర్తించే ఉద్యోగ నిబంధనలు, పై చదువుల నిబంధనలు కూడా మారాలి. ఇది నేను నేర్చుకున్న మొదటి పరిమితి.

ఇప్పుడు దూరవిద్య బలం ఎక్కడుందో చూద్దాం. ఒక కాలేజీ కట్టాలంటే స్థలం, భవనం, అధ్యాపకులు, హాస్టలు కావాలి. మనలాంటి దేశాల్లో చదువు అడిగేవాళ్లు పెరిగినంత వేగంగా అవి పెరగవు. దూరవిద్యలో ఒక పాఠాన్ని మంచి పండితులతో రాయించి, సరిచూడటానికి అయ్యే ఖర్చు వెయ్యి మంది చదివినా లక్ష మంది చదివినా ఒక్కటే. మంది పెరిగేకొద్దీ తలకు పడే ఖర్చు తగ్గుతుంది. అందుకే బ్రిటన్‌లో 1969లో ఓపెన్ యూనివర్సిటీ రాగానే బీద దేశాలు దానివైపు చూశాయి. పాకిస్తాన్ 1974లో, థాయిలాండ్ 1978లో, ఇండోనేషియా 1984లో, బంగ్లాదేశ్ 1992లో తమ తమ సార్వత్రిక విశ్వవిద్యాలయాలు పెట్టుకున్నాయి. దక్షిణాఫ్రికా విశ్వవిద్యాలయం అయితే 1946 నుంచే ఈ దారిలో ఉంది. నెల్సన్ మండేలా 1989లో, ఇంకా ఖైదులో ఉండగానే, అక్కడి నుంచి న్యాయశాస్త్ర పట్టా పొందారు. చదువు జైలు గోడ కూడా దాటగలదనడానికి అంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

నేను పద్దెనిమిదేళ్లు ఆదివారాలు ఒక స్టడీ సెంటర్‌లో కౌన్సెలర్‌గా పనిచేశాను. నా ముందు బెంచీల మీద కూర్చున్నవాళ్లను తలుచుకుంటే ఇప్పటికీ సంతోషమేస్తుంది. ఆర్టీసీ కండక్టర్లు, కానిస్టేబుళ్లు, సింగరేణి కార్మికులు, అంగన్‌వాడీ టీచర్లు, బీడీలు చుట్టే అక్కలు, దుబాయి నుంచి తిరిగివచ్చినవాళ్లు, కూతురితో పాటు డిగ్రీ చదివే తల్లులు. రాత్రి డ్యూటీ చేసి నేరుగా యూనిఫారంతో వచ్చేవాళ్లు. ఏ మామూలు కాలేజీ వీళ్లను చేర్చుకుంటుంది? పదోన్నతి దొరికినవాళ్లున్నారు. పదోన్నతి లేకపోయినా ఇంట్లో మాట చెల్లినవాళ్లున్నారు.

కానీ ఆ బెంచీలు జూన్‌లో ఉన్నట్టు జనవరిలో ఉండేవి కావు. ఒక అంగన్‌వాడీ టీచరమ్మ సంగతి చెబుతాను. మూడు ఆదివారాలు వచ్చింది. మొదటి బెంచీలో కూర్చొని ప్రతి మాటా రాసుకునేది. నాలుగో ఆదివారం రాలేదు, తర్వాతా రాలేదు. మా దగ్గర హాజరు తప్పనిసరి కాదు. వచ్చినవాళ్లకు చెప్పడం, రానివాళ్లను వదిలేయడం. ఏడాదిన్నర తర్వాత ఆమె సంతలో కనిపించింది. "ఏమమ్మా, చదువు ఆపేసినవా?" అన్నాను. బాబుకు జ్వరమొచ్చి రెండు వారాలు రాలేకపోయిందట. మళ్లీ వస్తే క్లాసు ఎక్కడుందో అందదని భయపడిందట. పుస్తకం ఒంటరిగా చదివితే సగమే అర్థమయ్యేదట. తర్వాత మెల్లగా అన్నది: "రాకున్నా ఎవలూ అడగరు గద సార్. అడిగేటోళ్లుంటే వద్దునేమో."

ఆ మాట నాకు గోదాము దగ్గర ఆగిన సైకిలును గుర్తుచేసింది. మా సార్ నన్ను అడిగారు. నేను ఆమెను అడగలేదు. అడగమని నిబంధనలో లేదు, నిజమే. సార్‌కు మాత్రం ఏ నిబంధన ఉంది?

మిత్రులారా, దూరవిద్య పరిమితులన్నీ వెతికితే వేళ్లు ఇక్కడికే వస్తాయి. పాఠం తయారు చేయడం ఒక్కసారి పెట్టే ఖర్చు. కానీ జవాబు దిద్దడం, సందేహం తీర్చడం, రానివాణ్ణి అడగడం మనిషి మనిషికీ విడిగా పెట్టాల్సిన ఖర్చు. మంది పెరిగితే అదీ పెరుగుతుంది, తగ్గదు. అందుకే డబ్బు తక్కువైనప్పుడు ప్రభుత్వాలు ముందు కోత పెట్టేది దానికే. అది పోయాక కూడా ఒంటరిగా నెగ్గేవాళ్లు ఎవరు? అప్పటికే బాగా చదవడం వచ్చినవాళ్లు, ఇంట్లో చదువుకున్నవాళ్లు ఉన్నవాళ్లు. ఓడిపోయేవాళ్లు ఎవరు? ఎవరికోసం దూరవిద్య పెట్టామో వాళ్లే.

కొత్త సాంకేతికతతో ఇది మారుతుందని మన అమెరికా మిత్రులు అనవచ్చు. 2012 ప్రాంతంలో మూక్‌లు వచ్చాయి. పెద్ద విశ్వవిద్యాలయాల పాఠాలను ప్రపంచంలో ఎవరైనా ఇంటర్నెట్‌లో ఉచితంగా చూడవచ్చు. బీద దేశాల విద్య సమస్య తీరిపోయిందని అప్పట్లో చాలామంది అన్నారు. హార్వర్డ్, ఎం.ఐ.టి. కోర్సుల లెక్కలు చూసిన పరిశోధకులు 2019లో తేల్చిందేమంటే, 2017-18లో చేరినవాళ్లలో పూర్తి చేసినవాళ్లు నూటికి ముగ్గురే. ఊరికే తొంగిచూద్దామని చేరినవాళ్లు వాళ్లలో చాలామంది ఉంటారు, ఒప్పుకుంటాను. కానీ ఎక్కువమంది సంపన్న దేశాలవాళ్లేనని కూడా ఆ లెక్కలే చెప్పాయి. మన దేశమూ 2017లో స్వయం పేరుతో ఇలాంటి కోర్సులు తెచ్చింది. మంచి పాఠాలున్నాయి. మంచి పాఠం ఉండటం వేరు, అది చివరిదాకా చదవగలగడం వేరు.

తర్వాత కరోనా వచ్చింది. 2020 మార్చిలో బళ్లు మూతపడ్డాయి. మన రాష్ట్రంలో సెప్టెంబరు 1 నుంచి యాదగిరి ఛానల్‌లో, టీ-శాట్‌లో పాఠాలు మొదలయ్యాయి. దేశంలోని పిల్లలందరూ ఒక్కసారిగా దూరవిద్యార్థులయ్యారు. దానికి రెండేళ్ల ముందు, 2017-18లో, జాతీయ నమూనా సర్వే లెక్క ప్రకారం ఇంటర్నెట్ సౌకర్యం ఉన్న ఇళ్లు పట్టణాల్లో నూటికి 42, పల్లెల్లో 15. కంప్యూటరు ఉన్న ఇళ్లు పల్లెల్లో నూటికి నాలుగు. ఆ తర్వాత ఫోన్లు చాలా పెరిగాయి. కానీ ఇంట్లో ఒక్క ఫోనుంటే అది పొద్దున్నే నాయన జేబులో పనికి పోతుంది. సాయంత్రం వస్తే ముందు కొడుకు చేతికి, తర్వాత బిడ్డ చేతికి. ఆ రోజుల్లో మన బడి ఉపాధ్యాయులు ఏం చేశారో ఈ ఊరికి తెలుసు. మాస్కులు కట్టుకొని, వర్క్‌షీట్లు పట్టుకొని, వేపచెట్ల కింద నలుగురైదుగురు పిల్లల్ని కూర్చోబెట్టి టీవీ పాఠం అర్థమైందా లేదా అని అడిగారు. టీవీ పాఠం చెప్పింది. అర్థమైందా అని అడిగింది మాత్రం మనిషి.

ఇంకో రెండు పరిమితులు క్లుప్తంగా చెప్పాలి. చేతితో నేర్చుకోవలసిన విద్యను పోస్టులో పంపలేం. ప్రయోగశాల, వర్క్‌షాప్, ఆసుపత్రి వార్డు ఇంటికి రావు. కరస్పాండెన్స్‌లో ఇంజనీరింగ్ పట్టాలు ఇచ్చిన సంస్థల విషయంలో 2017 నవంబరులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పిందీ అదే. అప్పటికే ఆ పట్టాలతో ఉద్యోగాలు చేస్తున్నవాళ్ల పరిస్థితి ఏమైందో ఆలోచించండి. రెండోది పరువు. "ఫీజు కట్టండి, మిగతాది మేం చూసుకుంటాం" అనే బోర్డు లేని దుకాణాలు చాలా ఊళ్లలో వెలిశాయి. వాటివల్ల నష్టపోయింది నిజంగా చదివినవాడే. "దూరవిద్యలో చదివారా?" అని ఇంటర్వ్యూలో అడిగేటప్పుడు ఆ గొంతులో వినిపించే చులకన నేను ఎరుగుదును.

మరి దారి ఉందా? ఉంది. మెక్సికో దేశం 1968లో టెలిసెకుందారియా అనే పద్ధతి తెచ్చింది. ఉన్నత పాఠశాల, సబ్జెక్టు టీచర్లు లేని మారుమూల పల్లెలకు టీవీ ద్వారా పాఠం పంపింది. ఐతే టీవీని ఒంటరిగా వదల్లేదు. గదిలో ఒక ఉపాధ్యాయుడిని ఉంచింది. పాఠం టీవీ చెబుతుంది. తర్వాత పిల్లలతో మాట్లాడించడం, రాయించడం, దిద్దడం ఆయన పని. అన్ని సబ్జెక్టులకూ ఒక్కరే. ఆ బళ్లలో ఇవాళ పది లక్షలకు పైగా పిల్లలు చదువుతున్నారు. అరవై ఏళ్లకు దగ్గరపడుతున్నా అది నిలబడింది. అక్కడా లోపాలు లేకపోలేదు. పాఠం దూరం నుంచి, మనిషి దగ్గర నుంచి అన్న సూత్రం మాత్రం పనిచేసింది.

ఇప్పుడు మన సంఘాన్ని అడగవలసింది అడుగుతాను. మన బడిలో చేరిన ప్రతివాళ్లూ ఈ సభలో లేరు. పది తప్పి ఆగిపోయినవాళ్లు, ఎనిమిదిలోనే పెళ్లై వెళ్లినవాళ్లు, పత్తి ఏరడానికి పోయి మళ్లీ రానివాళ్లు ఉన్నారు. వాళ్లూ ఈ బడి పిల్లలే. వాళ్ల ఫోటోలు సావనీరులో రావు. పోయిన నెల నేను, ఇద్దరు మిత్రులు మన ఊళ్లోనూ చుట్టుపక్కల నాలుగు ఊళ్లలోనూ తిరిగి పేర్లు రాసుకున్నాం. నోటుబుక్కులో రెండు పేజీలు నిండాయి. ఎక్కువమంది ఆడవాళ్లే.

ఓపెన్ స్కూల్ పద్ధతిలో వాళ్లు పది రాయవచ్చు. ఐదేళ్ల వ్యవధిలో ఒక్కో సబ్జెక్టే పాసవుతూ పోవచ్చు. పుస్తకాలున్నాయి, టీవీ పాఠాలున్నాయి, యూట్యూబ్ నిండా పాఠాలున్నాయి. నిన్న విందు దగ్గర విదేశాల మిత్రులు కొందరు, "పాఠాలు రికార్డు చేసి పెడదాం" అన్నారు. వాళ్ల మంచి మనసుకు దండం. కానీ పాఠాలకు కరువు లేదు. ఆ పేర్లకు కావలసింది ఆదివారం పూట ఇక్కడ ఒక గది, ఇద్దరు మనుషులు, ఒక హాజరు పట్టీ. పట్టీ శిక్ష కోసం కాదు. రానివాళ్ల పేరు తెలిస్తే సోమవారం పొద్దున ఫోను చేయొచ్చు, వీలైతే ఇంటికి వెళ్లొచ్చు. చంటిపిల్లలతో వచ్చే తల్లుల కోసం పక్కన ఒక చాప పరుద్దాం. విదేశాల మిత్రులు వారానికో గంట వీడియోలో ఇంగ్లిష్ మాట్లాడిస్తే ఎంతో మేలు. కానీ ఆ గంట గదిలో మనవాళ్లు ఒకరు పక్కన కూర్చోవాలి.

ప్రధానోపాధ్యాయులు గది ఇస్తామన్నారు. నేను రిటైరయ్యాను, నాకు ఆదివారాలు ఖాళీయే. ఇంకొకరు కావాలి. స్వర్ణోత్సవ గుర్తుగా తోరణం కడదామని సంఘం తీర్మానించింది. కట్టండి, నేనూ చందా ఇచ్చాను. ఆ తోరణం కిందుగా వచ్చే ఏడు ఆ రెండు పేజీల్లోంచి పది మందైనా నడిచి లోపలికి రావాలన్నదే నా కోరిక.

నా పద్దెనిమిదేళ్ల ఆదివారాల్లో నేను అడగని ఒక ప్రశ్నను ఇప్పటికైనా అడుగుదామనుకుంటున్నాను. అది మన సార్ నుంచి నేర్చుకున్న ప్రశ్నే: "నిన్న రాలేదు, ఏమైంది?"

పేర్ల పుస్తకం బయట టీ బల్ల మీద ఉంచాను. చివరి పేజీ ఖాళీగా ఉంది. ఆదివారం ఇవ్వగలిగినవాళ్లు అందులో పేరు రాయండి.